ముందర పెట్టిన గిన్నె



పరదేశమునకు వెళ్లిన మనుష్యుని కండ్లు అక్కడి వీధులకు వారము దినములలో అలవాటుపడును. చెవులు అక్కడి మాటలకు కొన్ని నెలలలో అలవాటుపడును. అయితే నాలుక అంత త్వరగా ఊరు విడిచి రాదు. అది తల్లి పెట్టిన కూడునే అడుగుచుండును. పాశ్చాత్య దేశములనుండి చైనాకు వెళ్లినవారి వృత్తాంతములు చదివినప్పుడెల్ల ఈ సంగతి నాకు తేటగా కనబడుచున్నది. సముద్రములు దాటినవారు, జ్వరములను ఓర్చినవారు, కష్టమైన ఆ భాషను నేర్చినవారు సహితము ఒక గిన్నె యెదుట కూర్చుండి తడబడిరి. ఇది చిన్న విషయమని మీరనుకొనవచ్చును. గాని ఒకని యింటి అన్నమును త్రోసివేయుట ఆ మనిషినే త్రోసివేయుటయని మన పల్లెలలో ఎవరికి తెలియదు? కాబట్టి ఈ నెల ఈ సంగతినిగూర్చి మీతో కొంచెము వివరముగా మాటలాడగోరుచున్నాను.

మొదట, ఆ ప్రయాణికునికి కలుగు ఇబ్బంది ఎట్టిదో చూడుడి. ఇంగ్లండులోగాని అమెరికాలోగాని పెరిగినవానికి భోజనమనగా పొయ్యిలో కాల్చిన రొట్టె, వెన్న, పాలు, చీజు అనబడు పాలగడ్డ, పెద్ద మాంసపు ముక్క, దానిని కోయుటకు కత్తి, గుచ్చుటకు ముండ్లచెంచా. చైనా దేశపు పాతకాలపు బల్లమీద ఇవేవియు లేవు. దక్షిణ చైనాలో అన్నమును, ఉత్తర చైనాలో గోధుమపిండి వంటకములును చిరుధాన్యములును ముఖ్యాహారము. అక్కడ గోధుమ ముద్దను కూడ తరచుగా ఆవిరిమీదనే ఉడికించెదరు. అది మన ఇడ్లీవలె తెల్లగా మెత్తగా నుండును. ఆ దేశములో అధిక సంఖ్యాకులైన హాన్ ప్రజలు పూర్వము పాలు, వెన్న వాడుట బహు తక్కువ. కత్తి వంటిల్లు దాటి రాదు. మాంసమును కూరగాయలను వంటింటిలోనే చిన్న ముక్కలుగా తరిగి వండుదురు గనుక బల్లయొద్ద రెండు పుల్లలు చాలును. కూరగిన్నెలు బల్ల నడుమ పెట్టబడును. అందరును వాటిలోనుండియే తీసికొందురు. ఎవని పళ్లెము వానిదే అని నేర్చుకొన్నవానికి ఇది కూడ ఒక పాఠమే.

ఇంతటితో తీరదు. చేప తలతోకూడ వచ్చును. కోడికాళ్లు నూనెలో వేగి, ఆవిరిలో ఉడికి, నల్లని సోయాగింజల పులుసుతో వచ్చును. మేక తల, కాళ్లు, పేగులు ఏదియు పారవేయని మనకు ఇది వింత కాదు. గాని ముల్లు లేకుండ, ఎముక లేకుండ తీర్చిన మాంసము తిని పెరిగినవాడు దానిని చూచి వెనుకాడును. మరియొక సంగతి యేమనగా, మనము ఒక పదార్థమునకు ఉప్పు, పులుపు, కారము సరిపోయెనా అని చూతుము. చైనీయులు దానితోపాటు అది పంటిక్రింద కరకరలాడుచున్నదా, నాలుకమీద జారుచున్నదా అనునది కూడ బహు శ్రద్ధగా చూతురు. సముద్రపు దోసకాయయని పిలువబడు ఒక మెత్తని జలచరమునకు తన స్వంత రుచి దాదాపు లేదు. అయినను విందులలో దానికి గొప్ప గౌరవము. దీనిలో రుచి యేదని పరదేశి అడుగును. నోటిలో దాని మెత్తదనమును చూడుమని ఆతిథ్యమిచ్చువాని భావము. ఇద్దరును ఒకే గిన్నెను చూచుచున్నారు గాని ఇద్దరి ప్రశ్నలు వేరు.

మనకును ఆ దేశమునకును భోజనము విషయములో ఒక చుట్టరికము కలదు. అక్కడి ప్రజలు ఒకరినొకరు పలుకరించుచు, అన్నము తింటివా అని అడుగుట పూర్వమునుండి వాడుక. భోజనమైనదా అని మనమడుగుట లేదా? దక్షిణ చైనాలో ఉదయమున తాగెడి బియ్యపు జావను ఇంగ్లీషువారు కాంజీ అందురు. ఆ మాటను వారు చైనాలో నేర్చుకొనలేదు. అది మన దక్షిణదేశపు మాట. తమిళులు కంజి యనుదానినే మనము గంజి యందుము.

ఇక పూర్వపు ప్రయాణికులను చూతము. ఇటలీ దేశస్థుడైన మత్తెయో రిచ్చి 1582లో మకావు చేరి, 1610లో బీజింగు నగరమున మరణించువరకు ఆ దేశములోనే యుండెను. చైనీయులు వేసవిలో సహితము నీళ్లను, తేనీటిని వేడిగానే తాగుదురని అతడు వ్రాసెను. దానిని చూచి నవ్వక, అది కడుపునకు మేలని తలంచెను. స్పెయిను దేశపు సన్యాసియైన డొమింగో నవర్రెటె 17వ శతాబ్దములో అక్కడ కొన్ని సంవత్సరములు నివసించి, 1676లో ప్రచురమైన తన గ్రంథములో టోఫునుగూర్చి వ్రాసెను. సోయాగింజలను నానబెట్టి, రుబ్బి, ఆ పాలను కాచి వడగట్టి, వేరుసెనగ చేనికి మన రైతులు చల్లెడి జిప్సమువంటిదానితో విరుగగొట్టి, గుడ్డలో కట్టి బరువు పెట్టినయెడల వచ్చు తెల్లని గడ్డయే టోఫు. రాజు మొదలుకొని బీదవాని వరకు అందరును దీనిని తిందురనియు, ఊరక తినినయెడల చప్పగా నుండుననియు, వెన్నలో వేయించినయెడల చాల బాగుండుననియు నవర్రెటె తెలిపెను. తన దేశపు వెన్నను ఆ దేశపు గడ్డతో కలుపుకొని అతడు తినెను. కొత్త ఆహారమునకు అలవాటుపడువారిలో అనేకులు ఈ మార్గముననే నడిచిరి.

అయితే అందరిని ఎక్కువగా పరీక్షించునది నల్లగుడ్డు. బాతుగుడ్డుకు సున్నము, బూడిద, ఉప్పు, మట్టి కలిపిన ముద్దను పూసి, కొన్ని వారములుగాని నెలలుగాని నిలువ చేయుదురు. సున్నపు ఘాటు పెంకుగుండ లోపలికి ఊరినప్పుడు తెల్లసొన ముదురు గోధుమరంగు గాజువలె బిగియును. పచ్చసొన ఆకుపచ్చగా మారి వెన్నవలె మెత్తబడును. దానికొక ఘాటైన వాసన కలదు. ఇంగ్లీషువారు దీనిని వెయ్యేండ్ల గుడ్డని పరిహాసముగా పిలిచిరి. వెయ్యి యేండ్లు కాదు, మన ఆవకాయ ఊరు కాలముకంటె కొంచెము ఎక్కువ మాత్రమే. ఈ గుడ్డు కుళ్లినదని ముక్కు మూసికొను పాశ్చాత్యుడు తన దేశములో నెలల తరబడి నిలువచేసి బూజు పట్టించిన చీజును ఆనందముగా తినును. ఆ చీజు వాసన మొదటిసారి చూచిన చైనీయులలో అనేకులు ముక్కు మూసికొనిరి. ఎండుచేపల కూర వండిన దినమున మన పొరుగువారు చెప్పు మాటలు మీకు తెలియును. ఏ వాసన మంచిది? చిన్నప్పటినుండి మన యింటిలో వచ్చినది. ఇంతకంటె వేరు కొలత మనలో ఎవరియొద్దను లేదు.

ఈ నల్లగుడ్డును ఒక పాశ్చాత్యుడు మొదటిసారి తినుట నేను స్వయముగా చూచితిని. 2014లో ఒక సంఘ సమావేశము నిమిత్తము నేను హాంగ్‌కాంగు వెళ్లి పది దినములుంటిని. డెబ్బది యేండ్లు దాటిన ఒక పాశ్చాత్య సంఘకాపరియు నేనును ఒకే యింట బస చేసితిమి. మొదటి ఉదయమున ఆ యింటి ముసలమ్మగారు మాకు జావ వడ్డించెను. అందులో పందిమాంసపు పీలికలును ఆ నల్లగుడ్డు ముక్కలును ఉండెను. జావ చూడగానే నా ప్రాణము లేచివచ్చెను గాని, ఆయన గిన్నెవైపు చూచి మౌనముగా నుండెను. ముసలమ్మగారు చేతులు తుడుచుకొనుచు ప్రక్కనే నిలిచియుండెను. అప్పుడాయన, దీనిని ఎట్లు చేయుదురమ్మా అని ఆమె మనుమని ద్వారా అడిగెను. ఆమె కూర్చుండి సంతోషముతో చాలసేపు చెప్పెను. ఆమె చెప్పుచుండగా ఆయన తినుచుండెను. రుచి యెట్లున్నదండీ అని తరువాత నేనడుగగా, ఇంకను తెలియలేదు, రేపు చెప్పెదనని ఆయన అనెను.

మరునాడు కొంచెము తెలిసినదనెను. వారము తిరుగకముందే రెండవ గిన్నె అడిగెను. పుల్లలు పట్టుకొనుట మాత్రము ఆయనకు చివరివరకు సరిగా రాలేదు. ఆ యింటి ఆరేండ్ల పిల్ల ప్రతిదినము ఆయన వ్రేళ్లు సరిచేయుచుండెను. కడపటి రాత్రి ఆవిరిమీద ఉడికించిన చేపను, దాని తల ఆయన వైపు ఉండునట్లు బల్లమీద పెట్టిరి. పెద్దవారికి చేయు గౌరవమది. ముసలమ్మగారు చేప చెంపనుండి మిక్కిలి మెత్తని కండను తీసి ఆయన గిన్నెలో ఉంచెను. ఆ రాత్రి ఆయన నాతో, నలుబది యేండ్లు నేను ఎక్కడికి వెళ్లినను ఇచ్చువాడనుగా వెళ్లితిని. పుచ్చుకొనువాడనుగా కూర్చుండుట నాకు ఇక్కడ ఈ పిల్ల నేర్పెను అనెను. ఆ మాట నేను మరచిపోలేదు.

చైనాకు వెళ్లిన సువార్తికుల చరిత్రలోను ఈ పాఠమే కనబడుచున్నది. 1807లో అక్కడికి చేరిన రాబర్ట్ మారిసన్ ఆరంభములో చైనా దుస్తులు ధరించి, పుల్లలతో చైనీయుల భోజనమే తినెను. కొంతకాలమునకు ఆరోగ్యము చెడుటచేత ఆ పద్ధతి మానుకొనెను. అయినను పని మానలేదు. అతడును విలియమ్ మిల్నును చేసిన చైనీయ బైబిలు అనువాదము 1823లో సంపూర్ణముగా అచ్చయ్యెను. 1854లో షాంఘైలో దిగిన హడ్సన్ టెయిలర్ మరుసటి సంవత్సరము చైనా దుస్తులు ధరించి, తల గొరిగించుకొని జడ వేసికొనెను. తోటి పాశ్చాత్యులలో అనేకులు అతనిని ఎగతాళి చేసిరి. 1865లో అతడు స్థాపించిన చైనా ఇన్‌లాండ్ మిషనులో పనిచేయువారు చైనా దుస్తులు ధరించి, ఆ దేశపు ఇండ్లలో ఆ దేశపు జనులవలె బ్రదుకవలెనని అతడు కోరెను. పాపము కాని విషయములలో వారితో ఒకటి కావలెనని అతని తాత్పర్యము.

మారిసన్ చేసినదియు టెయిలర్ చేసినదియు రెండును మనకు పనికివచ్చును. వంటికి సరిపడని దానిని మొండితనముతో తినుమని ఎవరును చెప్పలేదు. రొయ్యలుగాని వేరుసెనగలుగాని పడనివారు ఆ సంగతి ముందుగానే మర్యాదతో చెప్పవలెను. విందులో మద్యము పోసినప్పుడు తేనీటి గిన్నెను ఎత్తి వారి శుభము కోరవచ్చును. దానిని ఎవరును తప్పుపట్టరు. అన్నపుగిన్నెను నోటియొద్దకు ఎత్తి తినుట అక్కడ అమర్యాద కాదు. పుల్లలను మాత్రము అన్నములో నిలువుగా గుచ్చరాదు. చనిపోయినవారి యెదుట నిలిపెడి అగరువత్తులను అది జ్ఞాపకము చేయును. గిన్నె ఖాళీ చేసినయెడల మరల వడ్డించెదరు గనుక కడుపు నిండినవాడు కొంచెము మిగుల్చుట మంచిది. అన్నిటికంటె ముందు, ఇదేమిటని ముఖము చిట్లించుటకు మారుగా, దీనిని ఎట్లు చేయుదురని అడుగుట నేర్చుకొనవలెను.

తన శిష్యులను ఊళ్లకు పంపినప్పుడు మన ప్రభువు చెప్పిన మాటలలో, చేర్చుకొనిన యింట ముందర పెట్టినదానిని తినుడను ఆజ్ఞయు ఒకటి. పేతురు అన్యజనుల బల్లయొద్దకు వెళ్లుటకు పరలోకమునుండి దిగిన దుప్పటి దర్శనము కావలసి వచ్చెను. ఆ పేతురే తరువాత అంతియొకయలో కొందరికి భయపడి ఆ బల్లనుండి వెనుకకు తీసికొనగా, పౌలు అందరి యెదుట అతనిని నిలదీసెను. కూటికొరకు అపొస్తలులు తగవుపడిరా అని తలంచకుడి. ఎవనితో కూర్చుండి తిందుమో వానినే సహోదరుడని ఒప్పుకొందుము.

చదువరులారా, మీలో చైనాకు వెళ్లువారు బహు కొద్దిమంది. అయితే టీ దుకాణములో కొందరికి వేరు గ్లాసు పెట్టిన ఆచారమును మన పెద్దలలో అనేకులు కండ్లార చూచియున్నారు. ఆ గ్లాసు పట్టుకొని నిలిచినవారి సంతతి మన సంఘములలో ఎందరో కలరు. ఆ నొప్పి ఎరిగిన మనము సహితము, వాడలో వేరొక కులపు విశ్వాసి యింటికి ప్రార్థనకు వెళ్లి, పాట పాడి, ప్రసంగించి, వారు పెట్టిన అన్నము ముట్టక, ఇప్పుడే తిని వచ్చితిమి అని లేచిపోవుట లేదా? ఆ యింటి తల్లికి మన ప్రసంగము జ్ఞాపకముండదు. మూతపెట్టిన గిన్నె జ్ఞాపకముండును.

సముద్రము దాటి వచ్చిన ఆ వృద్ధుడు ఒక ముసలమ్మ చేతి నల్లగుడ్డును తినగలిగెను గదా. ఈ నెలలో, మీరు ఇంతవరకు ఏ యింట భోజనము చేయలేదో ఆ యింటికి వెళ్లుడి. ఆకలితో వెళ్లుడి. వారు పెట్టినదానిని కూర్చుండి తినుడి, దానిని ఎట్లు వండితిరని అడుగుడి. మరునాడు వారిని మీ యింటికి పిలిచి మీ గిన్నెలోనిది పెట్టుడి.