ఉలవచారులో మీగడ

మీగడ లేని ఉలవచారు కోస్తా జిల్లాల వాళ్ళకు రుచించదు. చరక సంహితేమో పాలతో కలిపి తినకూడని వాటిలో ఉలవలనూ మినుములనూ చేర్చింది. సూత్రస్థానం 26వ అధ్యాయంలో ఉందా మాట. విరుద్ధాహారం జాబితా ఒకటి రాసి వంటింటి గోడకు అంటించుకున్న రోజుల్లో, ఉలవచారు అన్నం కలుపుతుంటే చెయ్యి ఆగేది.

అమెరికాలో విలియం హే అనే డాక్టరు ఇంకో నియమం పెట్టాడు: పిండిపదార్థం, మాంసకృత్తులు ఒకే పూట వద్దని. శనగగింజలో ఆ రెండూ పుట్టుకతోనే కలిసి ఉన్నాయి, మరి వాటిని విడదీసేదెవరు? పప్పన్నం తిని పెరిగిన మనకు ఈ నియమం పనికిరాదు. బియ్యంలో తక్కువైన లైసిన్‌ను పప్పే భర్తీ చేస్తుంది.

శ్రావణమాసపు వాయనం శనగలు నాకు అసలు సంగతి నేర్పాయి. పేరంటాల నుంచి వచ్చిన శనగలు పొద్దున గుగ్గిళ్ళు, మధ్యాహ్నం ఉల్లిపాయ మసాలాతో కూర, సాయంత్రం నూనెలో వేగిన వడలు. నడుమ పరమాన్నం. రాత్రికి ఇంటిల్లిపాదికీ పొట్ట ఉబ్బరం, తిట్లు మాత్రం శనగలకు! గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ పుడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లదీ ఇదే దారి, క్యాబేజీ కూడా ఆ బాపతే. పాలు పడనివాళ్ళకు లాక్టోజ్ కూడా తోడవుతుంది. నూనె ఎక్కువైతే పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. అంటే రాజ్మా మసాలా, చపాతీ, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పైన గ్లాసుడు పాలు ఒకే పూట పడితే బరువు నాలుగు వైపుల నుంచీ పడ్డట్టే.

ఇప్పుడు శనగల కూర చేసిన పూట క్యాబేజీ వేపుడు చెయ్యను, పాల పాయసం మరునాటికి వాయిదా వేస్తాను. పెరుగన్నానికి అడ్డు చెప్పను, తోడు పెట్టే బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేస్తుంది కనక. గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండుతాను. టీ గంట ఆగి తాగుతాను, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి. గ్యాస్ పుట్టించే ఆ చక్కెరలు నీళ్ళలో కరుగుతాయి, అందుకే రాత్రి నానబెట్టిన నీళ్ళు పారబోస్తాను. ఇంగువ తాలింపు అమ్మ చెప్పింది, మానలేదు.

ఉలవచారులో మీగడ మళ్ళీ వేసుకుంటున్నాను, చెంచాడే. పాలు పడే ఒంటికి అది ఇబ్బంది పెట్టదు. పడనివాళ్ళు మానుకోవడమే మేలు.

నిజంగా ప్రమాదకరమైనది ఏ కలయికా కాదు, సరిగ్గా ఉడకని రాజ్మా. అందులోని లెక్టిన్ వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంటైనా తెర్లించండి. ప్రెషర్ కుక్కర్ ఉంటే మరీ మంచిది. సన్నసెగ మీద గంటల తరబడి వెచ్చబెట్టే స్లో కుక్కర్లో మాత్రం పచ్చి రాజ్మా వెయ్యకండి.