గోర్ వాగు ఒడ్డున పుట్టగొడుగులు

సిడ్నీ నగరానికి ఉత్తరాన, ఇళ్ళ వరుసల నడుమ లోయలా దిగిన చిన్న అడవి లేన్ కోవ్ బుష్‌లాండ్ పార్కు. ఇసుకరాతి బండల మధ్య గోర్ క్రీక్ అనే వాగు పారుతుంది. మన నేరేడుకు దగ్గరి బంధువులైన లిల్లీ పిల్లీ చెట్ల నీడలో, రాలిన ఆకుల మధ్య, మైనపు మెరుపుగల చిన్న పుట్టగొడుగులు మొలుస్తాయి. శాస్త్రజ్ఞులు వీటిని హైగ్రోసైబీ అంటారు. ఈ సముదాయాన్ని అంతరించే ప్రమాదమున్నదిగా గుర్తించి, 2000లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం చట్టరక్షణ కల్పించింది. ఒక జాతికి ఈ చోటి పేరు మీదనే ‘లేన్‌కోవెన్సిస్’ అని నామకరణం జరిగింది.

మే నెలాఖరున, వానలు పడిన వారానికి, మూడు తెలుగు కుటుంబాలవారము ఆ అడవికి వెళ్ళాము. శిలీంధ్రాలను అధ్యయనం చేసే స్థానిక మహిళ ఒకరు మాకు దారి చూపారు. అక్కడ ఏదీ కోయరాదు గనుక బుట్టలు తీసుకుపోలేదు. ఆమె చేతిలో ఒక చిన్న అద్దం ఉంది. దానిని పుట్టగొడుగు గొడుగు కిందికి జరిపితే, పెకలించకుండానే అడుగునున్న మడతలు కనబడతాయి. రంగు ఒక్కటే గురుతు కాదనీ, మడతల తీరు, కాడ చుట్టూ వలయం, మొదట్లో సంచివంటి తొడుగు, పక్కనున్న చెట్టు, అన్నీ కలిపి చూడాలనీ ఆమె వివరించారు. ఎర్రనివి, పసుపువి, ఊదావి పిల్లలు వంగి చూసి నోటు పుస్తకాలలో గీసుకున్నారు.

మాతో వచ్చిన నానీమాది గుంటూరు జిల్లా. తొలకరి ఉరుములకు చెదపుట్టల మీద లేచేవాటిని ఏరి కూర వండుకున్న తరం వారిది. “ఇక్కడా పుట్టలున్నాయి కదా, వాటి మీద మొలవవా?” అని అడిగారు. ఆ శిలీంధ్రాన్ని పెంచే చెదజాతులు ఆస్ట్రేలియాలో లేవు. మన భాషలో ఆ పేరుకే మూలమైన పుట్ట, అక్కడ గొడుగును మొలిపించదు. మనవారి అనుభవజ్ఞానం సత్యమే. అయితే అది పుట్టిన నేలకు కట్టుబడినది.

ఈ భేదం ప్రాణాల మీదికి వస్తుంది. ఐరోపా నుండి తెచ్చిన ఓక్ చెట్ల వేళ్ళతో పాటు ‘డెత్ క్యాప్’ అనే విషజాతి కాన్‌బెర్రా, మెల్‌బోర్న్ నగరాలకు చేరింది. చూపుకు అది మనమెరిగిన వరిగడ్డి పుట్టగొడుగును పోలి ఉంటుంది. కాన్‌బెర్రాలో దానిని తిన్న ఇద్దరు 2012 జనవరిలో మరణించారు. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం విరగదు. తిన్న కొన్ని గంటల వరకు ఏ బాధా తెలియదు. వాంతులు, విరేచనాలు తగ్గి కోలుకున్నట్టు కనిపించినా, లోలోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అందుచేత అనుమానం కలిగిన క్షణమే, లక్షణాలకై వేచి ఉండక, మిగిలిన ముక్కతో ఆసుపత్రికి వెళ్ళాలి. ఆస్ట్రేలియాలో విషసమాచార కేంద్రం సంఖ్య 13 11 26.

‘కమ్‌అ’ మన్న్ కోవలోనిదని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉంది. కమ్‌అ ఎడారి నేల లోపల పెరిగేది. అరబ్బులు దానిని బాగా ఎరుగుదురు. ఆ శుభవార్తను కనబడిన ప్రతి పుట్టగొడుగుకూ వర్తింపజేయరాదు. సృష్టిలోని ప్రతిదీ మన పళ్ళెం కోసమే కాదు. కొన్ని చూచి, పేరు తెలుసుకొని, సృష్టికర్తను స్తుతించి, ఉన్నచోటనే విడిచి రావలసినవి. పరదేశంలో స్థిరపడిన మన కుటుంబాలు పిల్లలకు ముందుగా నేర్పవలసిన పాఠం ఇదే.