35 డిగ్రీల యంత్రం, 42 డిగ్రీల ఊరు

ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అట్టపెట్టెలో ఛార్జరు కింద ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దాన్ని ఎవరూ విప్పరు. విప్పితే చివరి పేజీల్లో ఎక్కడో, సన్నటి అక్షరాల్లో, ఆ యంత్రం ఎంత వేడిలో పనిచేస్తుందో రాసి ఉంటుంది. చాలా కంపెనీలది ఒకటే మాట: చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటకూడదు. మా నందికొట్కూరులో మార్చి ఆఖరుకే మధ్యాహ్నాలు ఆ గీత దాటేస్తాయి. మే నెలలో 42 అంటే మాకు వార్త కాదు. రాత్రి భోజనాలయ్యాక కూడా స్లాబు కింద గది గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ పుస్తకం లెక్కన ఎండాకాలమంతా మా ఊరు ల్యాప్‌టాప్‌కు పనికిరాని చోటు.

అయినా మా ఊళ్ళో అవి లేని వీధి లేదు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, బెంగళూరు, హైదరాబాదు ఆఫీసుల్లో ఏసీ గాలికి బతికిన యంత్రాలు ఒక్కసారిగా రాయలసీమ ఊళ్ళకు వచ్చిపడ్డాయి, అదీ ఎండలు మొదలయ్యే వేళకు. ఉద్యోగాలవాళ్ళు చాలామంది తిరిగి వెళ్ళారు. ల్యాప్‌టాప్ మాత్రం ఊళ్ళో స్థిరపడింది. ఇంజినీరింగు పిల్లలకు అదే బడి, ఆన్‌లైన్ సెంటర్లో అడంగల్ తీసిచ్చే పిల్లవాడికి అదే జీవనం. ఏటా ఎండలు ముదిరేసరికి వాళ్ళందరి నోటా వినిపించే మాట ఒకటే: "ఊరికే ఆగిపోతాంది."

మా అన్న కూతురు కర్నూలులో ఇంజినీరింగు చివరి ఏడు చదువుతోంది. సెలవుల్లో ఇంటికొచ్చి ప్రాజెక్టు రిపోర్టు రాసుకోవాలి. "చిన్నాయనా, ఒక పేజీ టైపు చేసేలోపల ఆరిపోతాది. ఒగోసారి నీలం తెర వస్తాది, ఒగోసారి అదీ రాదు" అంది. అప్పటికే ఒక షాపులో చూపించింది. వాళ్ళు విప్పలేదు, ఏం చేస్తుండగా ఆగుతోందని అడగలేదు. ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్ళీ వేసి ఇచ్చారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే. ఇంకో షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారు, కొత్తది కొనుక్కోమన్నారు. ఫార్మాట్‌లో పోయినవి ఆమె నోట్సులు మాత్రమే కాదు. వాళ్ళ జేజి చెప్పిన కథలు రికార్డు చేసి అందులోనే పెట్టుకుంది. అవి తిరిగి రాలేదు. నాకు కోపం వచ్చింది ఆ ఒక్క విషయానికే.

కె.సి. కాలువ కింద మళ్ళు తడుపుకునే సీమ మాది. చివరి మడికి నీళ్ళు రాకపోతే ఏ రైతూ కొత్త కాలువ తవ్వడానికి పోడు. గట్టు వెంబడి పైకి నడుస్తాడు. ఎక్కడిదాకా నీళ్ళున్నాయి, ఎక్కడి నుంచి లేవు అని ఒక్కో తూమూ చూసుకుంటూ పోతాడు. ఆ రెండు చోట్ల మధ్యనే గండి ఉంటుంది. పదే పదే ఆగిపోయే ల్యాప్‌టాప్‌ను బాగుచేయడానికి కావలసిందీ ఆ నడకే. ఫార్మాట్ అంటే కొత్త కాలువ తవ్వడం. గండి ఎక్కడుందో తెలియకుండా తవ్వితే నీళ్ళు మళ్ళీ అక్కడే పోతాయి.

అందుకని మొదట ఆమె దగ్గరున్న మిగతా ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఆన్‌లైన్‌లోకి కాపీ చేయించాను. ఆ పని కాకుండా ఎవరూ ఇంకో మీట నొక్కకూడదని నా మాట. తర్వాత ఒక నోటుబుక్కు తీసుకుని, ఆగిపోయిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయమన్నాను: ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఛార్జరు పెట్టి ఉందా తీసి ఉందా, అప్పుడు ఏం చేస్తోంది. చదువుకున్న పిల్ల కాబట్టి చక్కగా రాసింది. రాసింది చూస్తే గండి సగం కనిపించింది. పొద్దున పూట ఆగడం లేదు. పదకొండు దాటాక, మేడ మీద గదిలో, పరుపు మీద పెట్టుకున్నప్పుడు, అందులోనూ వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు ఆగుతోంది. కింద మా పాత మిద్దెలో కూర్చుని చేసుకున్న రోజున ఒక్కసారీ ఆగలేదు.

పాత మిద్దె గురించి ఒక మాట చెప్పాలి. దూలాలు, దంతెలు, వాటి మీద చౌడుమట్టి పరిచి మా తాతలు కట్టుకున్న ఇళ్ళవి. గోడలు మూరెడు మందం. కింద బేతంచెర్ల బండలు. మధ్యాహ్నం రెండింటికి కూడా ఆ బండ మీద పాదం పెడితే చల్లగా తగులుతుంది. మేడ మీద స్లాబు గదికీ కింద మిద్దెకూ మధ్య తేడా చర్మానికే తెలుస్తుంది, థర్మామీటరు అక్కర్లేదు. ఇప్పుడు చాలా వీధుల్లో మిద్దెలు పడగొట్టి స్లాబులు పోస్తున్నారు. కారణాలు ఉన్నాయి, వానకు కారతాయి, చౌడు మళ్ళీ మళ్ళీ వేయాలి, అది చేసే మనుషులు లేరు. కానీ ఎండాకాలానికి తగిన ఇల్లు ఏదంటే ఇప్పటికీ అదే.

ఇక యంత్రం తన గురించి తాను రాసుకున్నది చూడాలి. విండోస్‌లో స్టార్ట్ మెనూ తెరిచి రిలయబిలిటీ అని టైపు చేస్తే, రోజువారీగా ఏ ప్రోగ్రాము ఎప్పుడు చెడిందో, యంత్రం ఎప్పుడు అర్ధాంతరంగా ఆగిందో ఒక పట్టికలో వస్తుంది. ఇంకా లోతుకు పోవాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది. అందులో ఎర్రగుర్తుతో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. చాలాచోట్ల ఆ 41ని చూపించి, ఇదిగో రోగం, పవర్ సెక్షన్ పోయింది అంటారు. అది సరి కాదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే యంత్రం ఆగి మళ్ళీ లేచిందని మాత్రమే 41కి అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. దాని వివరాల్లోకి వెళ్తే బగ్‌చెక్ కోడ్ అనే అంకె ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే, విండోస్‌కు ఒక్క మాట రాసుకునే వ్యవధి కూడా లేకుండా ఆగిందన్నమాట. అప్పుడు వేడినీ కరెంటునూ ముందు అనుమానించాలి. వేరే అంకె ఉంటే నీలం తెర వచ్చి ఆగింది. (కొత్త విండోస్ 11లో 2025 నుంచి ఆ తెర నల్లగా మారింది.) అప్పుడు డ్రైవరో, ర్యామో, డిస్కో చూడాలి. మా పిల్ల యంత్రంలో సున్నాలే ఎక్కువ.

నీలం తెర వచ్చినంత మాత్రాన అంతా తుడిచేయాలనుకోవడం ఎంత తప్పో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో నిలిచిపోయాయి. మన దేశంలోనూ విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. దానికి చెప్పిన మందు ఏమిటంటే, కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక్క ఫైలు తీసేయడం. గండి ఎక్కడుందో కనిపెట్టారు కాబట్టి మందు అంత చిన్నదైంది. కనిపెట్టకపోతే ఆ యంత్రాలన్నిటికీ ఫార్మాటే గతి అనేవాళ్ళు ఉండేవారు.

మా ఊళ్ళో అనుమానం మొదట కరెంటు మీదికి పోతుంది. బోర్ల మోటార్లు ఒక్కసారి వేసినప్పుడు బల్బు మందగించడం చూస్తూ పెరిగినవాళ్ళం, కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ఛార్జరు మీద రాసింది చదవండి. చాలావాటి మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటుంది. వోల్టేజి కాస్త తగ్గినంత మాత్రాన అది ల్యాప్‌టాప్‌ను ఆపదు. ఆపేది ఎప్పుడంటే, లోపలి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి, యంత్రం ఛార్జరు మీదే బతుకుతున్నప్పుడు. అప్పుడు కరెంటు రెప్పపాటు పోయినా అంతా పోతుంది. ఛార్జరు తీసి కాసేపు నడిపి చూస్తే ఇది తేలిపోతుంది. పాత ఛార్జరు పోయిందని దొరికింది తెచ్చి పెట్టేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. 65 వాట్లు అడిగే యంత్రానికి 45 వాట్లది పెడితే, బరువైన పని చెప్పగానే అది తట్టుకోలేకపోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులకు మార్చి, ఎర్తింగు లేకుండా వాడే ఇళ్ళలో మూత మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటుంది. ఎర్తింగు వేయించుకోవడం మనిషికీ మంచిది, యంత్రానికీ మంచిది.

ర్యామ్ సంగతి త్వరగానే తేలుతుంది. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, 1994 నుంచి వాడుకలో ఉన్న మెమ్‌టెస్ట్86 ఉంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి చెబుతుంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి తీసి చూడాలి. మన మెకానిక్కులు పెన్సిలు రబ్బరుతో వాటి అంచులు రుద్ది పెడతారు, చాలాసార్లు అదే చాలు. ఒక పద్ధతి మాత్రం తప్పకూడదు: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే బాగుపడ్డా దేనివల్ల బాగుపడిందో తెలియదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టే మీ యంత్రం ఆగిపోతోందని ఎవరైనా అంటే నమ్మకండి. అప్‌డేట్లు ఆగితే భద్రతకు ముప్పు. నడుస్తూ నడుస్తూ ఆరిపోవడానికి అది కారణం కాదు.

ఇక వేడి. ప్రాసెసరు చిప్పుల్లో చాలావాటికి 100 డిగ్రీల దగ్గర హద్దు ఉంటుంది. ఆ హద్దు దగ్గరపడగానే చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మనం హ్యాంగ్ అవుతోంది అంటాం. అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా కరెంటు తెంచేసుకుంటుంది. చాలామంది రోగం అనుకునేది నిజానికి ఆ యంత్రం తన ప్రాణం కాపాడుకోవడం. లోపలి వేడిని బయటికి తోయడానికి ఫ్యానుకు దొరికేది గదిలో గాలి ఒక్కటే. 25 డిగ్రీల గాలికి బదులు 40 డిగ్రీల గాలి ఇస్తే, ఉన్న వెసులుబాటులో 15 డిగ్రీలు అక్కడే పోయాయి. పైగా గాలి పీల్చుకునే కంతలు చాలావాటికి అడుగున ఉంటాయి. పరుపు మీద పెడితే ఆ 40 డిగ్రీల గాలి కూడా అందదు.

వెనక మూత మరలు తీయించి, ముందుగా బ్యాటరీ తీగ ఊడదీసి చూశాం. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కొంచెమే. అసలుది ఫ్యానుకూ రాగి గొట్టాల చివర ఉండే సన్నటి రేకులకూ మధ్యన ఉంది. పత్తి నూగు, మొక్కజొన్న కల్లాల పొట్టు, ఎర్రమట్టి కలిసి మందంగా పేరుకుని, గాలి బయటికి పోయే దారి మొత్తం మూసుకుపోయింది. మా చుట్టుపక్కల ఏం పండుతుందో దాన్ని చూసి చెప్పొచ్చు. బయటి నుంచి ఊదితే ఈ పొర కదలదు, ఇంకా లోపలికి పోతుంది. విప్పి, ఫ్యాను రెక్కలు గిర్రున తిరక్కుండా వేలితో ఆపి, మెత్తటి కుంచెతో తీయాలి. చిప్పుకూ రాగికీ మధ్య వేసే పేస్టు ఎండి పొడిపొడి అయిపోయింది. పాతది తుడిచి కొత్తది వేశాం. బ్యాటరీ ఉబ్బలేదు. ఉబ్బి ఉంటే మాత్రం అక్కడితో పని ఆపేసి దాన్ని మార్పించాల్సిందే, పొడవకూడదు, వంచకూడదు. వేడి చూపించే కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. అంతకుముందు వీడియో కాల్ మొదలవగానే 97, 98కి పోయిన అంకె, ఆ తర్వాత అదే గదిలో అదే ఎండకు 80 దగ్గర నిలబడింది. మదర్‌బోర్డు పోలేదు.

కొత్తది కొనాలంటే నలభై వేలు. మా అన్నకు అది ఒక పంట మిగులు. పేస్టు ట్యూబు కొన్ని వందలు.

మొదటిసారి కంప్యూటరును చూసిన మా తరానికి ఒక సంగతి గుర్తుండాలి. కాలేజీలో కంప్యూటరు గది అంటే ఏసీ ఉండేది, గుమ్మం బయట చెప్పులు విడిచి పోవాలి. దేవుడి గదికి పోయినంత భక్తిగా పోయేవాళ్ళం. చెప్పులు ఎందుకు విడవాలో ఎవరూ చెప్పలేదు. దుమ్ము, వేడి, ఈ రెండే దానికి శత్రువులు కాబట్టి. ఆ కారణం చెప్పి ఉంటే, యంత్రం ఒళ్ళోకి వచ్చేంత చిన్నదయ్యాక కూడా ఆ రెండింటినీ మరిచిపోయేవాళ్ళం కాదు. పిల్లలకు ఎక్సెల్ నేర్పుతున్నాం, కోడింగు నేర్పుతున్నాం. మూత విప్పి లోపల ఏముందో ఒక్కసారి చూపించే ల్యాబు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మెకానిక్కుల మీద తప్పంతా వేయడం న్యాయం కాదు. చిన్న ఊరి షాపులో, రేకుల కింద, ఉక్కలో కూర్చుని పనిచేసే మనిషికి గంటసేపు విప్పి చూసినందుకు డబ్బులిచ్చే అలవాటు మనకు లేదు. ఏదైనా మారిస్తేనో, ఏదైనా వేస్తేనో ఇస్తాం. అందుకే చూడడం మానేసి వేయడం పెరిగింది. వెతికి చెప్పిన మనిషికి, ఏమీ మార్చకపోయినా, కూలి ఇవ్వండి. విప్పినప్పుడు పక్కనే కూర్చుని చూడండి. ఫార్మాట్ చేయాలని అంటే, ఏం చూసి ఆ మాట అంటున్నారో అడగండి.

ఎండాకాలంలో బరువైన పనులు పొద్దున్నే ముగించుకోండి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టకండి, బండ మీదో చెక్క మీదో పెట్టండి. కూలరుకు ఎదురుగా, నీటి తుంపర పడే చోట వద్దు. ఏటా ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు దాన్నీ విప్పించి దులిపించండి. అన్నిటికన్నా ముందు, మీ ల్యాప్‌టాప్ ఈ రోజు బాగానే నడుస్తున్నా సరే, అందులో ఇంకెక్కడా లేని ఫోటోలు, గొంతులు, రాతలు ఏమున్నాయో చూసి, ఈ రాత్రే వేరే చోటికి కాపీ చేసుకోండి.