కుట్లకు చీము పడితే దాచకండి

కామాఠీపురా గల్లీల్లో, చుట్టుపక్కల చాళ్లలో ఉంటున్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఈసారి పండుగల ముచ్చట కాదు, చందాల ముచ్చట కాదు. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చినవాళ్ల కుట్ల గురించి రాస్తున్నాం. పొడుగైనా చివరిదాకా చదవండి.

200 ఏళ్ల కిందటి నుంచీ మన పెద్దలు కామాఠీలుగా ఈ నగరం కట్టడానికి వచ్చారు. వాళ్ల పేరే ఈ పేటకు పడింది. ఇప్పుడు ఊరినుంచి చుట్టాలు పరేల్‌లో 1941లో తెరిచిన టాటా మెమోరియల్ ఆసుపత్రి కోసం వస్తున్నారు. డిశ్చార్జ్ అయ్యాక వాళ్లు పడుకునేది మన ఖోలీల్లోనే.

మా గల్లీలో ఒక కాకకు ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు కుట్ల చుట్టూ ఎర్రబడింది. మర్నాడు బట్టకు చీము అంటింది. చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు పసుపు అద్దింది. మేం చూడబోతే మెల్లగా అడిగింది: "క్యాన్సర్ మళ్లా బయటికొచ్చిందా బిడ్డా?"

కాదు. పేగులో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. పేగు కోసినప్పుడు వాటిలో కొన్ని గాయంలోకి చేరితే చీము పడుతుంది. అందుకే ఈ ఆపరేషన్లలో ఇది మిగతావాటికంటే ఎక్కువ. ఎవరి పాపమూ కాదు. అదుపులో లేని షుగర్, బీడీ, బలహీనత ముప్పును పెంచుతాయి.

ఆ సాయంత్రమే కాకను ట్యాక్సీలో తీసుకెళ్లాం. రెండు కుట్లు విప్పి చీము తీసి, కడిగి కట్టు కట్టారు. కుట్లు విప్పారని చిన్నమ్మ ఏడ్చింది. కానీ చీముకు దారి ఇవ్వడమే అసలు వైద్యం. పుండు లోపలినుంచి మానాలి కాబట్టి వారాలు పట్టింది, కీమో వెనక్కి జరిగింది. దాచిపెడితే అసలు నష్టం ఇక్కడే.

ఆపరేషన్‌కు ముందు బీడీ, గుట్కా మానాలి. సబ్బుతో స్నానం చేయాలి. ఇంట్లో బ్లేడుతో పొట్ట గీయించుకోవద్దు. చర్మం గీరుకుంటే సూక్ష్మజీవులకు చోటు దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇదే చెప్పింది. కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ తర్వాత కూడా మాత్రలు రాయమని డాక్టర్‌ను బలవంతపెట్టొద్దు.

ఇంటికొచ్చాక, మన దగ్గర నల్లా వచ్చేది కాసేపే, మరుగుదొడ్డి అందరిదీ ఒకటే. కాబట్టి చేతులు కడగడానికే మూతపెట్టిన బకెట్ ఒకటి విడిగా ఉంచండి. పరామర్శకు పోయినవాళ్లు కట్టు విప్పి చూపించమని అడగొద్దు. మలం సంచి ఉంటే అది కారి కుట్లకు తగలకుండా చూడండి. పసుపు, పొడులు, ఆకుపసర్లు వద్దు.

నెల రోజులదాకా కనిపెట్టుకుని ఉండండి. ఎరుపు, వాపు, చీము, వాసన కనబడితే మర్నాడే చూపించండి. చలిజ్వరం, పొట్ట ఉబ్బరం, పెరిగే నొప్పి, గాయంలోంచి మలంలాంటి నీరు ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. లోపల పేగు అతుకు కారుతుండొచ్చు.

రాత్రిపూట తోడు లేరని ఎవరూ ఆగిపోవద్దు. సంఘం గదికి కబురు పెట్టండి, మేం వస్తాం. ఫోన్ చూడని పెద్దవాళ్లకు ఇది చదివి వినిపించండి.