నాన్నగారి జట్టు

తెనాలి వాళ్ళకు నాటకాల పిచ్చి ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఫుట్‌బాల్ పిచ్చి ఉందంటే మాత్రం ఎగాదిగా చూస్తారు. మా ఇంట్లో ఉన్నది ఆ రెండో పిచ్చి. దాన్ని తెచ్చినవారు మా నాన్నగారు.

ఆయన 1960 ప్రాంతంలో హైదరాబాదులో చదువుకున్నారు. సాయంత్రాలు ఫతే మైదానంలోనే గడిచేవట. దానికి లాల్ బహదూర్ స్టేడియం అన్న పేరు తర్వాత వచ్చింది. అక్కడి పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన కథ మాకు రామాయణం కన్నా ముందే తెలుసు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టుకు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది ఆయన శిక్షణలోనే. జకార్తా నాటికే ఆయనకు ఊపిరితిత్తుల కేన్సరు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. నాన్నగారూ బడిపంతులే కావడం వల్లనేమో, కథ ఇక్కడికి వచ్చేసరికి గొంతు సవరించుకునేవారు.

నా తొమ్మిదో ఏట నాకొక తోలుబంతి కొనిపెట్టారు. మా వైపు వరి కోయకముందే చేలో మినుము చల్లేస్తారు కనుక, పిల్లలకు ఖాళీ పొలం దొరకదు. ఇక మిగిలింది కాలువగట్టు. మూడు కాలువలు పారే ఊళ్ళో బంతి ఎన్నాళ్ళు నిలుస్తుంది? అది నీళ్ళలో కొట్టుకుపోయిన సాయంత్రం నేను ఏడుస్తూంటే, "ఊరుకోరా అబ్బాయ్, నిన్ను హైదరాబాదు తీసుకెళ్ళి పోలీసు జట్టు ఆట చూపిస్తాగా" అన్నారు. పంతులుగారి జీతం, మా మేనత్తల పెళ్ళిళ్ళు, ఆ తర్వాత మా చదువులు. ఆ మాట అలాగే ఉండిపోయింది. ఈలోగా ఆ జట్టు వైభవమూ చరిత్రలో కలిసిపోయింది.

2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ అనే కొత్త జట్టు వచ్చింది. నవంబరు 2న గచ్చిబౌలిలో, సొంత మైదానంలో దాని మొదటి ఆట. ఆయన ఇచ్చిన మాటను నేను తీర్చాలనిపించింది. డెబ్భై ఏడేళ్ళ మనిషిని వెంటబెట్టుకుని, ముందురోజు రాత్రి తెనాలిలో నారాయణాద్రి ఎక్కాను.

గుంటూరు దాటినా ఆయనకు నిద్ర లేదు. రహీంగారు కుర్రాళ్ళకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారన్న సంగతి మళ్ళీ మొదలుపెట్టారు. నేను ఎన్నోసారి వింటున్నానో! ఆఫీసు అలసట, పక్క బెర్తువాళ్ళ విసుగు, అన్నీ కలిసి, "ఆ జట్టే ఇప్పుడు లేదుగా నాన్నగారూ, ఎందుకీ గోల?" అనేశాను. ఆయన మారు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. చాలాసేపటికి చూస్తే కళ్ళజోడు తీయనేలేదు.

సాయంత్రం స్టేడియం మెట్లు ఒక్కొక్కటే ఎక్కించాను. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్. పసుపుపచ్చ చొక్కాల మలయాళీ కుర్రాళ్ళ డప్పుల మోతలో మన గొంతులు వినబడడం లేదు. అప్పటికే మన జట్టు రెండు ఆటలూ ఓడి వచ్చింది. మొదటిది కోల్‌కతాలో ఐదు గోల్స్ తేడాతో! ఇక్కడా ముందు గోల్ వాళ్ళదే, రాహుల్ కొట్టాడు. నేను తల పట్టుకుంటే, నాన్నగారు నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇంకా చాలా ఆట ఉందిరా" అన్నారు. రాత్రి తర్వాత నాతో ఆయన ఆడిన మొదటి మంచి మాట అది.

రెండో సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీతో లెక్క సరిచేశాడు. 81వ నిమిషంలో మార్సెలీన్యో ఫ్రీకిక్ నేరుగా వలలో పడింది. నేను లేచి గంతులు వేస్తూంటే ఆయన చొక్కా పట్టి లాగి, "ఏ కాలితో కొట్టాడు?" అని అడిగారు. నేను చూడలేదు. "రహీంగారైతే నిన్ను మైదానం చుట్టూ పరిగెత్తించేవారు" అని నవ్వారు.

ఆ ఏడు మన జట్టు అట్టడుగున నిలిచింది. మొత్తం మీద రెండే గెలుపులు. అందులో ఒకటి మా ఇద్దరిదీ. 2021 వేసవిలో నాన్నగారు వెళ్ళిపోయారు. 2022 మార్చి 20న గోవాలో, అదే కేరళ మీద, కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపగా, అదే జట్టు ఛాంపియన్ అయింది. అది చూడడానికి ఆయన లేరు.

2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. మొన్నొక రాత్రి భోజనాల దగ్గర నేను గచ్చిబౌలి కబుర్లు చెబుతూంటే, ఇంజనీరింగు చదివే మావాడు పళ్ళెంలోంచి తలెత్తకుండానే, "ఆ జట్టే ఇప్పుడు లేదుగా నాన్నా" అన్నాడు. వాడి మాటలో కోపం లేదు, ఉన్నమాటే అన్నాడు. నా మాటే అది, అక్షరం పొల్లుపోలేదు. ఆ రాత్రి రైల్లో అన్నదానికి నేను ఆయన్ని క్షమించమని అడగనేలేదు. గెలిచిన సంబరంలో ఇక అవసరం లేదనుకున్నాను.

నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మావాడు ఏమనుకున్నాడో, కాసేపాగి అడిగాడు.

"ఏ కాలితో కొట్టాడని తాతయ్య ఎందుకడిగారు?"

ఎడమచేత్తో కుర్చీ దగ్గరికి లాక్కుని, రహీంగారి పోటీల దగ్గరనుంచి మొదలుపెట్టాను.