ఎర్రర్ వస్తే ముందు చదవనివ్వండి



గోదావరిఖని బ్రాంచిలో నేను చెప్పే సబ్జెక్టు ఇంగ్లిష్. అయినా ఈ నెల కంప్యూటర్ గురించి రాస్తున్నాను. మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఇంట్లో డెబియన్ లినక్స్ ఇన్‌స్టాల్ చేయాలనుకున్నాడు. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది దీని ఆధారంగానే.

వాళ్ల నాన్నగారు బొగ్గు గనిలో పనిచేస్తారు. "మేడమ్, పిల్లగాడు కంప్యూటర్ ఖరాబ్ చేస్తే మళ్ల కొనుడెట్ల?" అన్నారు. ఆ భయం సహజమే. అందుకే వర్చువల్ మెషీన్ వాడమన్నాను. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్ లోపలే, ఒక విండోలో, మరో కంప్యూటర్‌ను నడుపుతుంది. దాని హార్డ్ డిస్క్ నిజానికి ఒక ఫైలు మాత్రమే. 'డిస్క్ మొత్తం చెరిపేయాలా?' అని ఇన్‌స్టాలర్ అడిగినా చెరిగేది ఆ ఫైలే. చెడిపోతే తీసేసి కొత్తది మొదలుపెట్టుకోవచ్చు. అదే ప్రశ్న వర్చువల్ మెషీన్ బయట ఎదురైతే మాత్రం ఆగిపోవాలి. అక్కడ ఇంటి ఫొటోలు, ఫైళ్లు నిజంగానే పోతాయి.

రెండు రోజులకు వాడు వచ్చి "రావట్లేదు మేడమ్" అన్నాడు.

"ఏమని వచ్చింది?"

"ఏదో ఎర్రర్. ఓకే కొట్టేశా."

పాఠంలోని పేరాగ్రాఫ్ ఇస్తే ఐదు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు రాసే పిల్లవాడు వాడు. స్క్రీన్ మీద వచ్చిన ఒక్క వాక్యాన్ని మాత్రం చదవలేదు. మర్నాడు దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మన్నాను. బయాస్‌లో అన్ని సీపీయూ మోడ్‌లకూ వీటీ-ఎక్స్ డిసేబుల్ అయి ఉందని దాని అర్థం. క్లాసులో అడిగినట్టే అడిగాను: ఏది? ఎక్కడ? ఎలా ఉంది? మూడింటికీ జవాబు ఆ వాక్యంలోనే దొరికింది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత సీపీయూ చూస్తే వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. వాళ్లింట్లో లేదు. నాన్నగారు పక్కన కూర్చోగా బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేశాడు. మిగతా సెట్టింగులేవీ ముట్టుకోలేదు.

ఇన్‌స్టాలేషన్ పూర్తయి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ ఇన్‌స్టాలరే వచ్చింది. ఈసారి వాడు కంగారుపడలేదు. ఐఎస్‌ఓ ఫైలు ఇంకా వర్చువల్ డ్రైవ్‌లోనే ఉందని తానే కనిపెట్టి తీసేశాడు. డెస్క్‌టాప్ రాగానే భాషను తెలుగుకు మార్చి నాన్నకు మెనూ చూపించాడట.

పేరెంట్స్ మీటింగ్‌లో ఆయన ఒక మాట అన్నారు: "గనిల సర్దార్ కట్టెతోని రూఫ్ కొట్టి సప్పుడు వింటడు మేడమ్. గట్టిగ మోగితే సరే. డొల్లగ పలికితే ఎవ్వలం దాని కిందికి పోం." ఎర్రర్ మెసేజ్ కూడా అలాంటి చప్పుడే. వినకుండా ఓకే నొక్కితే సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈసారి మీ పిల్లలు "పని చేయట్లేదు" అంటే కోప్పడకండి, వెంటనే మెకానిక్‌ను పిలవకండి. మూడే అడగండి: ఏమని వచ్చింది? దానికి ముందు ఏం చేశావు? ఇప్పుడు ఏ ఒక్కటి మార్చి చూస్తావు? ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తిడతారన్న భయం ఉంటే ఎర్రర్‌ను చదవరు, దాచేస్తారు. ఆ అలవాటు కంప్యూటర్‌తోనే ఆగదు, ప్రోగ్రెస్ కార్డు దాకా వస్తుంది.