ముందు రేకు పని, తర్వాతే ఇంజన్

అంబాసిడర్ బోనెట్ ఎత్తి చూసిన అలవాటున్నవారికి ఎంజీబీ బోనెట్ కింద పెద్ద కొత్తదనం కనిపించదు. అదే బరువైన పోత ఇనుప దిమ్మ, పైన అదే రేకు మూత, పక్కన డిస్ట్రిబ్యూటరు, ఎక్కడికైనా చెయ్యి దూర్చగలిగేంత ఖాళీ. రెండూ బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్లే. 1947లో ఆస్టిన్ ఏ40తో మొదలైన ఈ వంశం మన ఉత్తరపారాలో 1489 సీసీగా తయారై టాక్సీలనూ మంత్రుల కార్లనూ ఏళ్ళ తరబడి లాగింది. ఇంగ్లండులో 1798 సీసీకి పెరిగి, జంట ఎస్‌యూ కార్బురేటర్లు తగిలించుకుని, ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును పరుగెత్తించింది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజన్లు దించి, బోరు కొట్టించి, మళ్ళీ ఎక్కించిన మేస్త్రీని ఎంజీబీ ముందు నిలబెడితే, ఏది ఎక్కడుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లండులో ఉంటున్న నాకు ఆ కారంటే ఇష్టం కలగడానికి మొదటి కారణం ఈ చుట్టరికమే.

1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. ఎక్కువ భాగం అమెరికా వెళ్ళిపోయాయి. ఇంగ్లండులో మిగిలినవాటిని వానా, చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద చల్లే ఉప్పూ కలిసి తింటూ వచ్చాయి. ఇప్పుడు షెడ్డు మూలల్లో, పెరట్లో టార్పాలిన్ల కింద దొరికేవాటిలో చాలావాటికి ఇంజన్ కంటే ముందు ఒళ్ళు పోయింది. అయినా అలాంటి కారు కొన్నవాళ్ళు మొదటి రోజు నుంచీ మాట్లాడేది ఇంజన్ గురించే. 95 హార్స్‌పవర్ పాత ఇంజన్ ఎత్తేసి ఈ కాలపు ఇంజన్ పెట్టాలని. ఆ కోరికను నేను తప్పుపట్టను. నాకూ ఆ మార్పిడి ఇష్టమే. డబ్బూ శ్రమా ఏ వరసలో పెట్టాలన్న దగ్గరే నా పట్టుదలంతా. రేకు పని పూర్తయ్యేదాకా కొత్త ఇంజన్ కొనకూడదు.

ఎందుకో చెబుతాను. ఎంజీబీకి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసీ లేదు. ఒంటి రేకే దాని ఎముక. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో కారు బరువు మోసే బాధ్యత ప్రధానంగా తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రెండు ఇనుప పెట్టెలది. వాటిని సిల్స్ అంటారు. బయటి రేకు, లోపలి రేకు, మధ్యలో నిలువు పలక, అడుగున కాజిల్ రైల్ అనే మడత పట్టీ. నాలుగూ అతుక్కుని ఉంటేనే అది పెట్టె. ఏ ఒక్కటి కరిగిపోయినా మిగతా మూడూ ఉత్త రేకులే.

తుప్పు వచ్చే దారి కూడా ఇక్కడే ఉంది. ముందు చక్రం వెనక, ఫెండరు లోపలివైపు ఒక చిన్న అరుగు లాంటి చోటు ఉంటుంది. చక్రం చిమ్మిన బురద పోయి అక్కడ కూర్చుంటుంది. ఎండ కాస్తే పైపొర ఆరుతుంది గానీ అడుగున చెమ్మ పోదు, ఉప్పు దాన్ని పోనివ్వదు. అటు కారు లోపల, కారుతున్న గుడ్డ టాపు నుంచి దిగిన నీళ్ళు కార్పెట్ కింది మెత్తలో నిలుస్తాయి. రెండు వైపుల నుంచీ రేకు తింటూ పోతుంది. తలుపు కింద పెయింటు మీద ఒక చిన్న బొబ్బ లేచిందంటే లోపలి పలక అప్పటికే పొడై ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక షెడ్డులో అలాంటి సిల్ కోయడం దగ్గరుండి చూశాను. పైకి కారు నిగనిగలాడుతోంది. మేస్త్రీ పలచటి అయస్కాంతం ఒకటి తీసి తలుపు కింద ఆనించుకుంటూ పోయాడు. మధ్య దాకా పట్టుకుంటూ వచ్చింది, చివరి జానెడు దగ్గర జారి కింద పడింది. అక్కడున్నది ఇనుము కాదు, పుట్టీ. గ్రైండరు పెట్టి కోస్తే పుట్టీ కింద ఫైబర్‌గ్లాస్, దాని కింద ఎప్పుడో తొడిగిన రేకు తొడుగు, ఆ తొడుగు కింద అసలు సిల్ ఉండాల్సిన చోట ఎర్రటి పొడి. చేత్తో తీస్తే దోసిలి నిండింది. ఆ కారు మీద ఎవరో ఎంతో డబ్బు పోశారు. ఆ డబ్బంతా రంగుకూ పుట్టీకే పోయింది.

అమ్మేవాళ్ళు చాలామంది ఈ పైతొడుగుతోనే సరిపెడతారు. ఎందుకంటే సరిగ్గా చేయాలంటే పని పెద్దది. ముందు ఫెండరు బోల్టుల మీద ఉంటుంది కాబట్టి విప్పవచ్చు. వెనకది వెల్డింగు. దాని అడుగు భాగం కోస్తే గానీ సిల్ చివర కనిపించదు. కోసే ముందే తలుపు సందుకు అడ్డంగా యాంగిల్ ఇనుము వెల్డు చేసి బిగించాలి. అలా బిగించకుండా సిల్ తీసేస్తే ఒళ్ళు మధ్యలో కుంగుతుంది. ఆ కుంగుడు మీదే కొత్త రేకు అతికిస్తే ఆ తలుపు ఇక జన్మలో సరిగా పడదు. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. తొందర పనికిరాని పని ఇది. మన ఊళ్ళలో టింకరింగు చేసే పాత మేస్త్రీలకు ఉన్న ఓపిక, కంటి కొలత ఇక్కడ కావాలి.

ఇంత చెప్పడం ఇంజన్ కోసమే. ఇంజన్ బలం చక్రాల దగ్గర ఆగిపోదు. చక్రం రోడ్డును తంతే ఆ తోపు వెనక ఇరుసు మీదుగా కమాన్ కట్టలకు, కమాన్ కట్టల ముందు కొస నుంచి ఒంటికి అందుతుంది. కారును నిజంగా ముందుకు నెట్టే చోటు అదే. ఎంజీబీలో ఆ కొస తగిలించిన బ్రాకెట్టు ఉండేది సీట్ల వెనక, సిల్ ముగిసే చోటికి పక్కనే. తుప్పు బాగా ఇష్టపడే చోట్లలో అదొకటి. 95 హార్స్‌పవర్‌కే కిర్రుమనే ఆ చోటుకు 140 తగిలించడం పుచ్చిన దూలానికి ఊయల కట్టడమే.

ఈ కారులో పెద్ద ఇంజన్ పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. దాని వెనక మంచి కథ ఉంది. అమెరికాలో బ్యూయిక్ కంపెనీ 1961లో మూడున్నర లీటర్ల అల్యూమినియం వీ8 ఒకటి తెచ్చి, 1963 తర్వాత వదిలేసింది. బ్రిటన్ రోవర్ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న విలియం మార్టిన్-హర్స్ట్ పడవ ఇంజన్ల వ్యాపారి కార్ల్ కీక్‌హేఫర్ వర్క్‌షాపులో దాన్ని చూసి మనసు పడి, హక్కులు కొనిపించారు. అలా అది రోవర్ వీ8 అయింది. 1970 ప్రాంతంలో కెన్ కాస్టెల్లో అనే రేసు డ్రైవరు దాన్ని ఎంజీబీలో దించి అమ్మడం మొదలుపెట్టాడు. ఎనిమిది సిలిండర్లున్నా అల్యూమినియం కావడంతో నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజన్‌కూ దానికీ బరువులో పెద్ద తేడా లేదు. బ్రిటిష్ లేలాండ్ వాళ్ళు ఆయన కారు చూశాకే సొంతంగా ఎంజీబీ జీటీ వీ8 తెచ్చారు. 1973 నుంచి 1976 దాకా 2,591 కార్లు. అవన్నీ పైకప్పున్న జీటీలే, ఒక్క రోడ్‌స్టర్ కూడా లేదు. రోడ్‌స్టర్‌కు ఆ భాగ్యం పట్టడానికి 1992లో ఆర్‌వీ8 రావాల్సి వచ్చింది. దాదాపు రెండు వేలు చేస్తే ఎక్కువ భాగం జపాన్ కొనుక్కుంది.

ఆ ఆర్‌వీ8 ఏ ఒంటి మీద తయారైంది? బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత ప్రెస్ అచ్చులను వెతికి పట్టుకుని, 1988 నుంచి ఎంజీబీ ఒళ్ళను కొత్తగా మళ్ళీ తయారు చేస్తోంది. ఆర్‌వీ8కు ఆధారం ఆ ఒళ్ళే. ఎంజీబీకి 50 ఏళ్ళు నిండిన 2012లో ఫ్రంట్‌లైన్ అనే సంస్థ రెండు లీటర్ల మాజ్దా ఇంజన్‌తో ఎల్‌ఈ50 తెచ్చినప్పుడూ అంతే, కొత్త హెరిటేజ్ ఒంటితోనే మొదలుపెట్టింది. ఈ పని బతుకుతెరువుగా చేసేవాళ్ళు ఎవరూ తుప్పు రేకు మీద బలమైన ఇంజన్ పెట్టలేదు. ఇంట్లో చేసుకునేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఇక్కడే.

ఇక ఏ ఇంజన్? నన్నడిగితే రోడ్‌స్టర్‌కు వీ8 వద్దు, మాజ్దా ఎంఎక్స్-5 ఇంజన్ మేలు. బ్రిటిష్ రెండు సీట్ల కార్ల మీద ప్రేమతోనే మాజ్దా ఆ చిన్న కారును రూపొందించి 1989లో చికాగో మోటారు షోలో చూపించింది. ఎంజీబీలాగే ఇంజన్ ముందు, నడిచే చక్రాలు వెనక. అందుకని ఇంజన్‌తో పాటు ఐదు గేర్ల డబ్బా కూడా పొడవు వాటాన అమరుతుంది. విషాదం ఏమిటంటే, ఇంగ్లండులో పాత ఎంఎక్స్-5లు కూడా సిల్స్ తుప్పు పట్టే తుక్కుకు పోతున్నాయి. వాటిలో ఇంజన్లు శుభ్రంగా ఉంటాయి.

మాజ్దాది 1839 సీసీ, ఎంజీబీది 1798. తేడా 41 సీసీ. బలం మాత్రం సుమారు 140కి 95. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇంజన్ తల (సిలిండర్ హెడ్) విప్పి చూస్తే తెలుస్తుంది. బీ-సిరీస్ తలకు ఉన్నవి మొత్తం ఐదు దారులు. గాలి లోపలికి పోవడానికి రెండే, రెండేసి సిలిండర్లకు ఒక్కొక్కటి చొప్పున. పొగకు మూడు, మధ్యలోది మళ్ళీ ఇద్దరి ఉమ్మడి. కాస్త వేగం పెరగగానే సిలిండర్లు గాలి కోసం పోటీ పడతాయి. మాజ్దా తలలో ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు, ఎవరి దారి వారిది, పైన రెండు క్యామ్ షాఫ్టులు. అంబాసిడర్ 80 దాటాక ఎందుకు అంతగా గొంతు చించుకునేదో నాకు ఆ ఐదు దారులు చూశాకే అర్థమైంది.

మార్పిడిలో చిక్కులు లేకపోలేదు. ఆయిల్ ఛాంబరు ముందు క్రాస్‌మెంబరుకు తగులుతుంది, దాన్ని కోసి ఆకారం మార్చాలి. సైలెన్సరు గొట్టానికీ స్టీరింగు కడ్డీకీ ఒకే చోటు కావాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కొత్త కొలతకు చేయించి బ్యాలెన్సు చేయించాలి. ఎస్‌యూ కార్బురేటరుకు పెట్రోలు మెల్లగా అందితే చాలు, ఇంజెక్షన్‌కు ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి, కాబట్టి పంపు, పైపులు, మిగిలింది ట్యాంకుకు తిరిగొచ్చే దారి అన్నీ కొత్తవే. 1967కు ముందు కారైతే అందులో బ్యాటరీ పాజిటివ్ కొస ఒంటికి కలిపి ఉంటుంది. అది గమనించకుండా కంప్యూటరున్న ఇంజన్ తగిలిస్తే ఆ కంప్యూటరు కాలిపోతుంది. బ్రేకులు కూడా చూసుకోవాలి. ఇవన్నీ కష్టమైనవే అయినా తెలిసిన దారులే. కావాల్సిన బ్రాకెట్లు, ఛాంబర్లు తయారుగా అమ్ముతున్నారు. తుప్పుకు మాత్రం డబ్బాలో పెట్టి అమ్మే మందు లేదు.

అసలు ఇంజన్ తీసేస్తే అది ఎంజీబీ ఎలా అవుతుందని బాధపడేవాళ్ళున్నారు. వాళ్ళ ప్రేమ నిజమైనదే. కానీ 1990ల మొదట్లో అంబాసిడర్‌కు ఇసుజు 1800 సీసీ ఇంజన్, ఐదు గేర్లు వచ్చినప్పుడు అది అంబాసిడర్ కాదని మనలో ఎవరూ అనలేదు. బ్రిటన్‌లో బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ, బాగా మార్చిన కారు పాత నంబరు ఉంచుకోవచ్చో లేదో తేల్చడానికి ఏళ్ళ తరబడి ఒక మార్కుల లెక్క వాడింది. 8 రావాలి. ఒంటికి 5. సస్పెన్షన్‌కు, ఇరుసులకు, గేర్‌బాక్సుకు, స్టీరింగుకు తలా 2. ఇంజన్‌కు ఒక్కటి. నేను చెప్పేదంతా ఆ లెక్కలో ఉంది.

బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కారుకు ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు, కారును గణనీయంగా మార్చకపోతేనే. సిలిండర్ల సంఖ్య మారితే ఆ మినహాయింపు పోయే అవకాశం ఎక్కువ. మినహాయింపు ఉన్నా పరీక్ష చేయించమనే నా సలహా. కింద నుంచి ఇంకొకరి కళ్ళు చూడడం మంచిది. మన దేశంలో పాత కారు మీద ఈ పని తలపెట్టేవారు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి.

ఇంగ్లండులో ఎంజీబీ కొనాలనుకునే తెలుగువారు ఎవరైనా ఇది చదువుతుంటే, కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయమని అడగకండి. ముందు జాకీ పెట్టి ఒక పక్క ఎత్తించి, తలుపు తెరిచి మూసి చూడండి. తలుపు సందు సన్నబడినా, తలుపు పట్టేసినా అక్కడి నుంచి వచ్చేయండి. ఇంజన్ పట్టేసినా ఒళ్ళు గట్టిగా ఉన్న కారు దొరికితే బేరమాడి తెచ్చుకోండి. కొత్త ఇంజన్ కోసం అవసరానికి మించి ఒక్క రేకు కూడా కోయకండి. దించిన బీ-సిరీస్‌ను తుక్కుకు వేయకండి. సిలిండర్లలో నూనె పోసి, తెరిచి ఉన్న దారులన్నీ మూసి, ఇంజన్ నంబరు పలక ఊడకుండా చూసి షెడ్డులో పెట్టండి. మీ తర్వాత ఆ కారు కొనేవాళ్ళు దాన్ని అడుగుతారు.